బ్యాకప్‌కి రెండో కాపీ: డిస్క్ ఊడదీసి బీరువాలో పెడితే సరిపోతుందా?

వేకువపిట్ట:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, విండోస్ 11 హోమ్. దానికి 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి ఎప్పుడూ తగిలించే ఉంటుంది. రోజూ రాత్రి వీమ్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ దాంట్లోకి బ్యాకప్ తీస్తుంది. డేటా మొత్తం 800 జీబీ వరకు ఉంది. ఫొటోలు, వీడియోలు, మా ఆవిడ థీసిస్ తాలూకు ఫైళ్లు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఆడియో. ఫొటోల్లో సగం ఎవరో ఒకరి ఫోన్లో దొరుకుతాయి. ఆడియో మాత్రం పోతే పోయినట్టే, క్యాసెట్లు బూజు పట్టి ఎప్పుడో పారేశాం.

ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బులడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్క్ కూడా కంప్యూటర్‌తో పాటే పోతుందంటున్నారు కదా. అందుకని ఇంకో 4 టీబీ డిస్క్ తెచ్చి, నెలకోసారి తగిలించి, బ్యాకప్ ఫోల్డర్ మొత్తం దాంట్లోకి లాగేసి, మళ్లీ ఊడదీసి బీరువాలో పెట్టేద్దామని నా ఆలోచన. ఇందులో లొసుగేమైనా ఉందా? బ్యాకప్ ఫోల్డర్‌నే కాపీ చేయాలా, అసలు ఫైళ్ల నుంచి విడిగా ఇంకో బ్యాకప్ తీయాలా? డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టాలా? ఒక మాట ముందే చెప్పేస్తున్నా, నేను బద్ధకస్తుణ్ణి. పని ఎక్కువైతే రెండు నెలలు చేసి మూడో నెల మానేస్తా.

గదిలోసర్వర్:

ఆలోచన మంచిదే, చాలామంది అంత కూడా చేయరు. కానీ ఉన్న ఒక్క లొసుగూ పెద్దదే. బీరువాలో ఉన్నంతసేపూ ఆ డిస్క్‌కి వైరస్‌తో ఏ ఢోకా లేదు. నెలకోసారి దాన్ని తగిలిస్తారు చూడండి, ఆ రెండు మూడు గంటలే గండం. ఆ కాసేపూ అసలు ఫైళ్లు, మొదటి బ్యాకప్, రెండో బ్యాకప్ మూడూ ఒకే కంప్యూటర్ చేతిలో ఉంటాయి.

ర్యాన్సమ్‌వేర్ లోపలికి రాగానే స్క్రీన్ మీద బెదిరింపు పెట్టి డబ్బులడుగుతుందనుకోకండి. ముందు విండోస్ దాచుకునే షాడో కాపీలను (ఫైళ్ల పాత రూపాలను) తుడిచేస్తుంది. కనబడ్డ డ్రైవ్‌లన్నిటినీ, నెట్‌వర్క్ ఫోల్డర్లతో సహా, వరసబెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా చదవలేని గజిబిజిగా మార్చేస్తుంది. నోటీసు పెట్టేసరికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. 2017 మే నెలలో ప్రపంచమంతా చుట్టేసిన వానాక్రై అయితే, పని మొదలుపెట్టాక కూడా కొత్త డ్రైవ్ ఏదైనా తగిలిందా అని కనిపెట్టుకుని ఉండేది. తగిలితే దాన్నీ పట్టేది. కంప్యూటర్ ఏదో తేడాగా ఉందని కంగారుపడి బ్యాకప్ డిస్క్ తగిలిస్తే, ఉన్న ఒక్క దారీ మన చేతులతో మనమే మూసేసినట్టు.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఆఫ్‌లైన్ డిస్కులు రెండుండాలి. ఈ రెండూ ఏనాడూ ఒకేసారి కంప్యూటర్ దగ్గరికి రాకూడదు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి. తగిలించిన రోజే ఖర్మ కాలినా రెండోదాంట్లో నెల కిందటి కాపీ భద్రంగా ఉంటుంది. నెల రోజుల ఫైళ్లు పోతే పోతాయి, క్యాసెట్ల ఆడియో పోదు.

తగిలించే ముందు చూడాల్సింది ఒకటుంది, నిమిషం పని. వీమ్ బ్యాకప్ ఫోల్డర్ తెరవండి. ఒక పెద్ద వీబీకే ఫైలు (పూర్తి బ్యాకప్), దాని పక్కన రోజుకొకటి చొప్పున చిన్న వీఐబీ ఫైళ్లు (ఆ రోజు మార్పులు) ఉంటాయి. తేదీల వరసలో పెట్టి సైజులు చూడండి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఈ వీఐబీలు మామూలుగా కొద్ది జీబీలే ఉంటాయి, మీవి ఎంత ఉంటాయో రెండు వారాలు గమనిస్తే మీకే తెలిసిపోతుంది. నిన్న రాత్రిది ఉన్నట్టుండి 500 జీబీ అయిందనుకోండి, నిన్న మీరు కొత్త వీడియోలేమీ ఎక్కించలేదనుకోండి, ఆఫ్‌లైన్ డిస్క్ ముట్టుకోవద్దు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మారిన భాగాలనే తీసుకుంటుంది. ఎవరో ఫైళ్లన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేస్తే అన్నీ మారినట్టే లెక్క, పైగా అలాంటి డేటా కంప్రెస్ కూడా అవదు. యాంటీవైరస్ పసిగట్టకపోయినా ఆ సైజు పట్టిస్తుంది. నేను చూసుకునే ఒక చిన్న ఆఫీసులో ఇలా సైజు ఉబ్బితే అందరం టెన్షన్ పడ్డాం, చివరికి ఎవరో హార్డ్‌డిస్క్‌ని డీఫ్రాగ్ చేశారని (అంటే ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దారని) తేలింది. ఫైళ్లు మారకపోయినా డిస్క్ మీద వాటి చోటు మారింది కదా, బ్యాకప్‌కి అంతా కొత్తగానే కనిపించింది. అలాంటి ఉత్త టెన్షన్ వల్ల నష్టమేమీ లేదు.

సైజు బాగుంటే, ఎప్పుడూ మార్చని పాత ఫైళ్లు నాలుగైదు తెరిచి చూడండి. ఒక ఫొటో, ఒక పీడీఎఫ్, ఒక ఆడియో. తెరుచుకుంటే అప్పుడు డిస్క్ తగిలించండి.

ఇక ఫోల్డర్ కాపీయా, విడి బ్యాకప్పా అన్నారు. విడిగానే తీయండి. వీఐబీ ఫైలు ఒంటరిగా ఎందుకూ పనికిరాదు, దాని ముందువన్నీ, మొదట్లో ఉన్న వీబీకేతో సహా, సరిగ్గా ఉంటేనే తెరుచుకుంటుంది. మధ్యలో ఒకటి చెడితే ఆ తర్వాతవన్నీ పోయినట్టే. ఆ చెడిన గొలుసునే మీరు ప్రతి నెలా శ్రద్ధగా కాపీ చేస్తుంటే రెండు డిస్కుల్లోనూ అదే చెత్త ఉంటుంది. ఆఫ్‌లైన్ డిస్క్‌లోకి అసలు ఫైళ్లనే మామూలు ఫైళ్లుగా కాపీ చేయండి. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవాలి. మీ డేటా 800 జీబీ, డిస్క్ 4 టీబీ. తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టి మొత్తం కాపీ చేసినా నాలుగు పూర్తి కాపీలు పడతాయి. ఐదోసారి అన్నిటికన్నా పాతదాన్ని తీసేయండి. తెలివైన పద్ధతి కాదు, డిస్క్ వృథా. కానీ బద్ధకస్తులకి ఇంతకంటే చెడిపోని పద్ధతి లేదు.

విండోస్‌లో ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడితే మాత్రం ‘మిర్’ స్విచ్ పెట్టకండి. అసలు దగ్గర లేని ఫైలుని అది కాపీలోనూ తీసేస్తుంది. పొరపాటున ఖాళీ ఫోల్డర్ నుంచి నడిపితే బ్యాకప్ మొత్తం ఊడ్చిపెట్టేస్తుంది, ఒక్క మాట కూడా అడగదు.

మబ్బుదారి:

ఇంత తతంగం దేనికండీ? పాత వెర్షన్లు దాచిపెట్టే క్లౌడ్ బ్యాకప్ ఒకటి పెట్టుకుంటే ఇల్లు కాలినా, కంప్యూటర్ దొంగలెత్తుకుపోయినా, ర్యాన్సమ్‌వేర్ వచ్చినా వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. డిస్కులు మోసుకు తిరగడం పాతకాలం పద్ధతి. ఆయన బద్ధకస్తుణ్ణని మొర పెట్టుకుంటుంటే మీరు రెండు డిస్కుల డ్యూటీ వేశారు.

గదిలోసర్వర్:

క్లౌడ్ వద్దని నేనెక్కడన్నాను? పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 లెక్క ఉంది కదా. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. ఆ ఇంటి బయటిది క్లౌడ్ అయితే మంచిదే.

కానీ రెండు సంగతులు చూసుకోవాలి. చాలామంది క్లౌడ్ బ్యాకప్ అని చెప్పేది నిజానికి సింక్. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా పాడవుతుంది, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. పాత వెర్షన్లు ఎన్నాళ్లు దాస్తారన్నది సర్వీసుని బట్టి మారుతుంది. మీ ఆడియో ఫోల్డర్ పాడైందని మీరు ఆరు నెలల తర్వాత గమనిస్తే ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇంకోటి, ఆ క్లౌడ్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎక్కడుంది? అదే కంప్యూటర్‌లో, అదే బ్రౌజర్‌లో సేవ్ చేసి ఉంటుంది. ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. కంప్యూటర్ చేతికి చిక్కినవాడికి ఆ అకౌంటూ చిక్కినట్టే, లోపలికి వెళ్లి వెర్షన్లతో సహా తుడిచేయగలడు. బీరువాలో ఉన్న డిస్క్‌కి పాస్‌వర్డ్ దొంగిలించి లాభం లేదు, కాళ్లతో నడిచి రావాలి.

అప్‌లోడ్ సంగతి కూడా ఒకసారి లెక్కేసుకోండి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 800 జీబీ పైకి పోవడానికి, ఒక్క సెకను కూడా ఆగకుండా, వారం దాటుతుంది. ఒకసారి పోయాక మార్పులే వెళ్తాయి కాబట్టి సర్దుకోవచ్చు. థీసిస్, ఆడియో ముందు పంపండి, వీడియోలు తర్వాత నెమ్మదిగా వెళ్తాయి.

వేకువపిట్ట:

రెండు డిస్కులా! సరే, మీరు చెప్పాక ఒక్కటి చాలదని అర్థమైంది. నాకు ఇంకో మూడు సందేహాలున్నాయి. ఒకటి, వీమ్‌లో బ్యాకప్ అవగానే డిస్క్‌ని ఎజెక్ట్ చేసే ఆప్షన్ కనిపించింది. అది పెడితే రోజూ తగిలించే ఉంచొచ్చా? రెండు, నా దగ్గర 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి ఖాళీగా ఉంది, రెండు ఆఫ్‌లైన్ డిస్కుల్లో ఒకటిగా దాన్ని వాడుకోవచ్చా? మూడు, ఒక డిస్క్ మా అక్కావాళ్ల ఇంట్లో పెడదామనుకుంటున్నా, ఎన్‌క్రిప్షన్ తప్పదేమో. విండోస్ హోమ్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) కనిపించడం లేదు.

గదిలోసర్వర్:

ఎజెక్ట్ ఆప్షన్ పెట్టుకోండి, అసలు లేనిదానికన్నా మేలు. కానీ కేబుల్ తగిలే ఉంది కాబట్టి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే డిస్క్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. విండోస్ అప్‌డేట్ వచ్చి అర్ధరాత్రి రీస్టార్ట్ అవడం మనం చూడనిదా! పైగా కరెంటు పోటు వచ్చి కంప్యూటర్ కాలితే కేబుల్ వెంబడి డిస్క్ కూడా కాలొచ్చు, ఎజెక్ట్ చేశారా లేదా అని అది చూడదు. రోజువారీ డిస్క్‌కి ఎజెక్ట్, నెలవారీ డిస్క్‌కి చేత్తో పీకడం.

ఎస్‌ఎస్‌డీ సంగతి: బీరువాలో పెట్టడానికి హార్డ్‌డిస్కే మంచిది. ఎస్‌ఎస్‌డీలో డేటా ఉండేది చిన్న చిన్న సెల్స్‌లో నిలిచిన విద్యుదావేశంగా. కరెంటు లేకుండా ఉంచితే అది మెల్లగా కారిపోతుంది. మెమరీ చిప్‌లకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ దాని మీద డేటా రాయగలిగినంత కాలం పూర్తిగా అయిపోయాక కూడా 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా, ఏడాది పాటు డేటా నిలబెట్టాలి. అంటే కొత్తది ఇంకా ఎక్కువే నిలబెడుతుంది, వేడిగా ఉన్నచోట తక్కువ. నెల మార్చి నెల తగిలించేదానికి ఇబ్బంది లేదు. కానీ మీది వాడేసిన పాతదైతే, దాన్ని ఎక్కడో పెట్టి మూడేళ్లు మర్చిపోయే మనిషైతే (మీరే ఒప్పుకున్నారు), వద్దు. పైగా 1 టీబీలో మీకు ఒక్క కాపీయే పడుతుంది.

హార్డ్‌డిస్క్‌నీ ఊరికే వదిలేయకూడదనుకోండి. తగిలించినప్పుడల్లా డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో తెరిచి రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరేచోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి) అన్న రెండు వరసలు చూడండి. సున్నా ఉంటే బాగు. పెండింగ్‌లో అంకె కనిపించి, వచ్చే నెలకి అది పెరిగితే ఆ డిస్క్‌ని నమ్మొద్దు.

ఎన్‌క్రిప్షన్ గురించి రాగిచెంబు గారిని అడగండి, నాకన్నా ఆవిడకి బాగా తెలుసు.

రాగిచెంబు:

పిలిచారు కాబట్టి వచ్చా. అక్కగారింట్లో పెట్టే డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉండాల్సిందే. అక్క మీద అనుమానంతో కాదు, ఆ ఇంట్లో డిస్క్ ఎవరి చేతికి వెళ్తుందో మనకి తెలియదు కాబట్టి. విండోస్ హోమ్‌లో బిట్‌లాకర్‌తో లాక్ చేసిన డిస్క్‌ని తెరవొచ్చు గానీ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కొత్తగా లాక్ చేయలేరు. అందుకని వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి, ఉచితం.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. వెరాక్రిప్ట్‌లో డిస్క్ మొత్తాన్ని లాక్ చేస్తే, దాన్ని తగిలించగానే విండోస్‌కి అది ఫార్మాట్ చేయని ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. వెంటనే "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని పెట్టె ఒకటి లేస్తుంది. మీరైతే క్యాన్సిల్ కొడతారు. అక్కావాళ్ల అబ్బాయి ఖాళీ డిస్క్ దొరికిందని సంబరపడి సరే అంటాడు. లాక్ చేసిన భాగం చివర హెడర్‌కి (తెరవడానికి కావాల్సిన సమాచారానికి) ఒక నకలు దాచి ఉంటుంది కాబట్టి కొంత ఆశ ఉంటుంది, కానీ ఆ పాట్లు ఎందుకు? డిస్క్‌ని మామూలుగా విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంచి, దాంట్లో వెరాక్రిప్ట్ కంటెయినర్ ఫైలు ఒకటి పెద్దది సృష్టించుకోండి. డేటా అంతా ఆ ఫైల్లోపల. పక్కనే "ఇది ఫలానా వాళ్ల బ్యాకప్, చెరపకండి" అని ఒక టెక్స్ట్ ఫైలు. తగిలించినవాళ్లు ముందు అది చదువుతారు. డిస్క్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అది ఒక్కటి ముందే చూసుకోండి.

పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టండి. డిస్క్ కవర్లో కాదు, ఇంకోచోట. మీ ఆవిడకి కూడా తెలియాలి. మీ తర్వాత ఎవరూ తెరవలేని బ్యాకప్ వల్ల ఆవిడ థీసిస్‌కి ఒరిగేదేముంది?

పెంగ్విన్‌గూడు:

ఆలస్యంగా చూశాను. గదిలోసర్వర్ గారు చెప్పిన గండానికి ఇంకో విరుగుడు ఉంది. ఆఫ్‌లైన్ డిస్క్‌ని విండోస్ నడుస్తుండగా తగిలించొద్దు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టం లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండా నడిచేలా) వేసుకుని, కంప్యూటర్‌ని దాంతో బూట్ చేసి, విండోస్ డ్రైవ్‌ని రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే) తెరిచి, అప్పుడు డిస్క్ తగిలించి కాపీ చేయండి. విండోస్‌లో ఏ పురుగు దాక్కున్నా అది నిద్రలో ఉంటుంది, డిస్క్‌ని ముట్టుకోలేదు. పాడైన ఫైళ్లు కాపీ అవకుండా ఇది ఆపదు, కానీ డిస్క్‌లో ఉన్న పాత తేదీల ఫోల్డర్లకి ఏమీ కాదు. ముందు విండోస్‌ని ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా లేవడానికి సగం నిద్రలో ఉంచే సదుపాయం) లేకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. సి డ్రైవ్‌కి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో కూడా చూసుకోండి, ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గరుంచుకోవాలి.

రెస్టిక్, బోర్గ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఒక ముక్క. అవి బ్యాకప్ దాచే రిపోజిటరీ ఫోల్డర్‌ని ఫైళ్లలా కాపీ చేయకండి. బోర్గ్ వాళ్ల డాక్యుమెంటేషనే రెండు డిస్కులకి రెండు విడి రిపోజిటరీలు పెట్టుకోమంటుంది. రెస్టిక్‌లో ‘కాపీ’ అని కమాండే ఉంది, ఒక రిపోజిటరీ నుంచి ఇంకోదానికి స్నాప్‌షాట్లను (ఒక్కో సమయంలో తీసిన కాపీలను) పంపుతుంది. తర్వాత ‘చెక్’ నడిపేటప్పుడు ‘రీడ్-డేటా’ కలపండి, లేకపోతే అది పైపైన చూసి బాగుందనేస్తుంది.

వేకువపిట్ట:

లైవ్ ఉబుంటు నా వల్ల కాదేమో అండీ, ఏడాదికోసారి చేస్తానేమో. మిగతావి చేస్తా. రెండు హార్డ్‌డిస్కులు, వెరాక్రిప్ట్ కంటెయినర్లు, తేదీ ఫోల్డర్లు, తగిలించే ముందు వీఐబీ సైజు. డిస్క్ మార్చడానికి నెలకోసారి అక్కావాళ్లింటికి ఎలాగూ వెళ్తాను. కాపీ అయ్యాక సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

గదిలోసర్వర్:

అదే అసలు పరీక్ష. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌ని చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లున్నాయి, తీరా చూస్తే ఏదీ సరిగ్గా పనిచేయలేదని వాళ్లే బయటికి చెప్పుకున్నారు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని మీద చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అంత పెద్ద సంస్థ సంగతే అది.

మీకు అంత హడావుడి అక్కర్లేదు. అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ డిస్క్‌ని వాళ్ల ల్యాప్‌టాప్‌కి తగిలించి, వెరాక్రిప్ట్‌తో తెరిచి, రెండు ఆడియోలు చివరిదాకా లాగి వినండి, నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూడండి, థీసిస్ ఫైలు తెరవండి. వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటేనే అది కాపీ కింద లెక్క. మీ కంప్యూటర్‌లో తెరుచుకోవడం పెద్ద విశేషం కాదు. ఓపికుంటే ఆడియో ఫోల్డర్‌కి షా-256 చెక్‌సమ్‌లు (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకెలు) ఒక ఫైల్లో తీసి పెట్టుకోండి. ఆ ఫైళ్లు ఇక మారవు కాబట్టి ఒక్కసారి తీస్తే చాలు, ఎన్నేళ్ల తర్వాతైనా పోల్చుకోవచ్చు.

ఇంకో చిన్న సంగతి, కేబుల్‌ని డిస్క్‌తో పాటే కవర్లో ఉంచండి. ఈ పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి వెడల్పాటి మైక్రో-బీ సాకెట్ ఉంటుంది. దాంట్లో పాత ఫోన్ చార్జర్ కేబుల్ కూడా దూరుతుంది, డిస్క్ పనిచేస్తుంది కూడా. కానీ యూఎస్‌బీ 2.0 వేగంతోనే. సరైన కేబుల్‌తో సెకనుకి 100 ఎంబీ వస్తే మీ 800 జీబీ రెండుంబావు గంటల్లో అయిపోతుంది, చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకాస్త. ఆ ఫోన్ కేబుల్‌తో ఆరు గంటలు దాటుతుంది. అంతసేపూ డిస్క్ కంప్యూటర్‌కి తగిలే ఉంటుంది.